నెట్ ఇంగ్లిష్‌కి లిటరరీ టర్మ్స్ ఎలా చదవాలి: పీడీఎఫ్ పక్కన పెట్టి జంటలుగా పట్టుకోండి

రాజోలు నుంచి అడిగిన అమ్మాయికి చెప్తున్నానండి. మీ ప్రశ్న ఇదీ కదా, పదో తరగతిదాకా తెలుగు మీడియం, తర్వాత డిగ్రీ, ఎమ్మే ఇంగ్లిష్, ఇప్పుడు యూజీసీ నెట్‌కి, అంటే కాలేజీ లెక్చరర్ అర్హత పరీక్షకి కూర్చున్నారు, ఎవరో పంపిన ఐదొందల లిటరరీ టర్మ్స్ (సాహిత్యంలో అలంకారాలకీ పద్ధతులకీ వాడే పేర్లు) పీడీఎఫ్ ఒకటి రోజూ బట్టీ పడుతున్నారు, పొద్దున చదివింది సాయంత్రానికి ఉండట్లేదు, మెటానమీకీ సినెక్డకీకీ తేడా చెప్పమంటే తడబడుతున్నారు, ఇదంతా తెలుగు మీడియం వల్లేనా, హైదరాబాద్ వెళ్ళి కోచింగ్ తీసుకోవాలా అని. నేను భీమవరం వైపు డిగ్రీ కాలేజీల్లో ఇంగ్లిష్ చెప్తూ, నెట్‌కీ, రాష్ట్రస్థాయిలో అలాంటిదే అయిన ఏపీసెట్‌కీ పిల్లల్ని కూర్చోబెట్టి చదివిస్తూ ఏళ్ళు గడిచాయి కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు తెలుగు మీడియం భయం తీసేద్దాం. ఈ పేర్లు ఇంగ్లిష్ వాళ్ళకీ సొంతం కాదండి, ఎక్కువ భాగం గ్రీకులోంచీ లాటిన్‌లోంచీ వచ్చినవే, అనడిప్లోసిస్ అనే మాట మీకు ఎంత కొత్తో లండన్‌లో పుట్టి పెరిగిన పిల్లకీ అంతే కొత్త. 1589లో ది ఆర్ట్ ఆఫ్ ఇంగ్లిష్ పోయెసీ అని ఒక పుస్తకం వచ్చింది, పేరు లేకుండా అచ్చయింది గానీ జార్జ్ పట్టెన్‌హామ్ రాసిందని మామూలుగా చెప్తారు, అందులో ఆయన చేసిన పనేంటంటే ఈ గ్రీకు పేర్లు మనవాళ్ళ నోటికి తిరగవు అని ఒక్కోదానికి మామూలు ఇంగ్లిష్ పేరు పెట్టుకుంటూ పోయాడు. హైపర్బలీకి, అంటే అతిశయోక్తికి ఓవర్‌రీచర్, ఐరనీకి డ్రై మాక్, సర్కాజమ్‌కి బిట్టర్ టాంట్. అంటే హద్దు దాటి చెయ్యి చాచేది, పొడి ఎగతాళి, చేదు దెప్పు. ఎగతాళిలోనే ఇన్ని రకాలు విడదీసి ఒక్కోదానికి పేరు పెట్టిన మనిషి మన గోదారి జిల్లాలో పుట్టి ఉంటే ఎంత సంబరపడేవాడో అనిపిస్తుంది నాకు. పదింటికి రమ్మంటే పన్నెండింటికి వచ్చినవాణ్ణి చూసి మన వీధి అరుగు మీద పెద్దాయన మొహంలో ఏ మార్పూ లేకుండా 'పెందలాడే వచ్చేసేవే' అంటాడు చూడండి, అది డ్రై మాక్, వెర్బల్ ఐరనీ. అదే మాట మనిషిని గుచ్చాలని అంటే సర్కాజమ్. రెండింట్లోనూ మాట ఒకటే ఉండొచ్చు, తేడా ఉద్దేశంలో ఉంది. ఇది మీకు చిన్నప్పట్నించీ చెవిలో ఉన్న తేడా, పేరు మాత్రమే కొత్తగా తగిలించుకోవాలి.

ఇక పీడీఎఫ్ ఎందుకు పనిచెయ్యట్లేదో చెప్తాను. నెట్ రెండో పేపర్లో వంద ప్రశ్నలు, ఒక్కోదానికి రెండు మార్కులు, నెగటివ్ మార్కింగ్ లేదు. సిలబస్‌లో పది యూనిట్లున్నాయి గానీ లిటరరీ టర్మ్స్ అని విడిగా యూనిట్ లేదు చూశారా, డ్రామాలో కొన్ని, పొయెట్రీలో కొన్ని, క్రిటిసిజంలో కొన్ని, థియరీలో కొన్ని అలా చెదిరిపోయి ఉంటాయి. ఆ ప్రశ్న చాలాసార్లు 'ఫలానా టర్మ్‌కి నిర్వచనం ఏది' అని తిన్నగా రాదు. ఒక లైన్ ఇచ్చి ఇందులో ఉన్నది ఏది అని నాలుగు పేర్లు పెడతారు, ఆ నాలుగూ ఒకదానికొకటి దగ్గర చుట్టాలే అయి ఉంటాయి, లేదా టర్మ్‌లు ఒకపక్క క్రిటిక్‌లు ఒకపక్క పెట్టి జతపరచమంటారు, లేదా రెండు వాక్యాలిచ్చి ఒకటి కరెక్టా రెండూ కరెక్టా అని అడుగుతారు. మీ పీడీఎఫ్ అకారాది క్రమంలో ఉంటుంది, అందులో మెటానమీ ఎమ్ దగ్గర, సినెక్డకీ ఎస్ దగ్గర. పరీక్షలో మాత్రం రెండూ పక్కపక్కనే కూర్చుని ఉంటాయి. అదీ అసలు ఇబ్బంది.

వరి నాట్లలో ఊద మొక్క ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, దూరం నుంచి చూస్తే అచ్చం వరే, కలుపు తీసే ఆడవాళ్ళు ఆకు మొదలు చూసి టక్కున లాగేస్తారు, వాళ్ళకి వరి తెలియడమంటే ఊద కానిది ఏదో తెలియడం. టర్మ్ కూడా అంతే. దాని నిర్వచనం వచ్చినంత మాత్రాన వచ్చినట్టు కాదు, దాని పక్కనున్న టర్మ్ ఇది ఎందుకు కాదో చెప్పగలిగితే వచ్చినట్టు. నేను చెప్పదలుచుకున్నది మొత్తం ఇదొక్కటేనండి, మిగతాదంతా దీన్ని ఎలా చెయ్యాలనే.

పుస్తకం విషయానికొస్తే ఎమ్.హెచ్. ఏబ్రమ్స్ గ్లాసరీ ఆఫ్ లిటరరీ టర్మ్స్, మొదట 1957లో వచ్చింది, తర్వాత ఎన్నో ఎడిషన్లు వచ్చాయి, ఏది దొరికినా పర్లేదు. దాన్నే ఎందుకు చదవమంటానంటే ఆయన దగ్గరి టర్మ్‌లన్నీ ఒకే వ్యాసంలో కలిపి చెప్తాడు, ఫిగరేటివ్ లాంగ్వేజ్ అనే ఎంట్రీ తెరిస్తే సిమిలీ, మెటాఫర్, మెటానమీ, సినెక్డకీ అన్నీ ఒక్కచోటే ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. జె.ఎ. కడన్ గారి లిటరరీ టర్మ్స్ డిక్షనరీ, 1977ది, అది చాలా పెద్దది, అనుమానం వచ్చినప్పుడు తీసి చూడ్డానికి బాగుంటుంది గానీ కూర్చుని చదవడానికి కాదు.

మెటానమీ, సినెక్డకీ సంగతి ఇప్పుడే తేల్చేద్దాం. 'ఊరు ఊరంతా అంతర్వేది తీర్థానికి వెళ్ళిపోయింది' అంటాం. ఊరు వెళ్ళదు, ఊళ్ళో ఉన్న మనుషులు వెళ్తారు. ఊరికీ మనుషులకీ ఉన్నది ఉండే చోటుకీ ఉండేవాళ్ళకీ ఉన్న సంబంధం, ఒకటి ఇంకోదానిలో భాగం కాదు, అది మెటానమీ. 'ఆ ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువ' అంటే నోరు మనిషిలో భాగం, భాగం చెప్పి మనిషిని మొత్తం చెప్పాం, అది సినెక్డకీ. ఇంగ్లిష్‌లో రాజరికాన్ని క్రౌన్ అనడం మొదటిది, పడవ మీద పనివాళ్ళని హ్యాండ్స్ అనడం రెండోది. భాగమా కాదా అని ఒక్క ప్రశ్న వేసుకోండి, చాలు. మన అలంకారశాస్త్రంలో లక్షణకి, అంటే నేరు అర్థం కుదరనప్పుడు దానికి సంబంధించిన ఇంకో అర్థం తీసుకోవడానికి, ఇచ్చే పాత ఉదాహరణ 'గంగాయాం ఘోషః', గంగ మీద పల్లె, నది మీద పల్లె ఉండదు కాబట్టి ఒడ్డున అని అర్థం తీసుకుంటాం. 'మాది గోదారి మీద ఊరండీ' అని మనం రోజూ అనేది అదే. కొంచెం పైస్థాయికి వెళ్తే భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ 1956లో అఫేజియా (మెదడు దెబ్బతిని మాట పోవడం) గురించి రాసిన వ్యాసంలో భాష మొత్తం మెటాఫర్, మెటానమీ అనే రెండు దారుల్లో నడుస్తుందన్నాడు, పోలికతో నడిచేది ఒకటి, పక్కపక్కన ఉండటంతో నడిచేది ఇంకోటి, కవిత్వం మొదటిదానివైపు రియలిస్ట్ నవల రెండోదానివైపు మొగ్గుతాయని. థియరీ ప్రశ్నల్లో ఇది కనిపిస్తుంది, కింద నేల సరిగ్గా ఉంటే ఇది ఎక్కడం కష్టం కాదు.

మాటలు తిరిగి తిరిగి వచ్చే ఫిగర్లు, అంటే అలంకారాలు, చాలామందిని ఏడిపిస్తాయి గానీ వాటికి ఒకటే సూత్రం, మాట ఎక్కడ తిరిగొస్తోంది అని చూడాలి. వాక్యాల మొదట్లో వస్తే అనఫరా, డికెన్స్ 1859 నవల ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్ మొదటి వాక్యంలో 'ఇట్ వాజ్' 'ఇట్ వాజ్' అని వస్తూనే ఉంటుంది కదా అది. చివర్లో వస్తే ఎపిస్ట్రఫీ, 1863 గెటిస్‌బర్గ్ ప్రసంగంలో లింకన్ పీపుల్ అనే మాటని మూడుసార్లు చివర పెట్టాడు. ఒక వాక్యం చివరి మాట తర్వాతి వాక్యం మొదట్లో వస్తే అనడిప్లోసిస్. దీనికి మీరు కంగారు పడనే అక్కర్లేదు, మనం హైస్కూల్లో చదివిన ముక్తపదగ్రస్తం ఇదే. 'సుదతీ నూతన మదనా, మదనాగ తురంగ పూర్ణ మణిమయ సదనా' అని తెలుగు మాస్టారు చెప్పించలేదూ, విడిచిన పదాన్నే మళ్ళీ పట్టుకోవడం. మాటలు తిరగేసి వస్తే యాంటిమెటబలీ, మాక్‌బెత్‌లో మంత్రగత్తెలు ఫెయిర్ ఈజ్ ఫౌల్ అండ్ ఫౌల్ ఈజ్ ఫెయిర్ అంటారు. అవే మాటలు కాకుండా వాక్యం కట్టుబాటు గానీ భావం గానీ తిరగబడితే కయాస్మస్. చాలా పుస్తకాలు కయాస్మస్‌ని రెండింటికీ వాడేస్తాయి కాబట్టి ఆప్షన్లలో రెండూ ఉంటేనే ఈ తేడా పట్టించుకోండి, ఒకటే ఉంటే అదే పెట్టెయ్యండి.

ఇప్పుడు అసలు పద్ధతి చూపిస్తాను. మీకు బాగా నోటికొచ్చిన పద్యం ఒకటి తీసుకుందాం, మన డెల్టాలో తీర్థాలప్పుడు రాత్రంతా మైకులో వినబడేది, తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగంలో కృష్ణుడి పద్యం. వాళ్ళూ మనవాళ్ళే, తిరుపతి శాస్త్రి గారిది భీమవరం దగ్గర యండగండి, చెళ్ళపిళ్ళ వారు కడియంలో పుట్టారు. 'అలుగుటయే యెరుంగని మహామహితాత్ము డజాతశత్రుడే యలిగిననాడు సాగరములన్నియు నేకము కాకపోవు, కర్ణులు పదివేవురైన యని నొత్తురు చత్తురు రాజరాజ'. ధర్మరాజు అనకుండా అజాతశత్రుడు అన్నాడు, అసలు పేరు బదులు గుణం చెప్పే పేరు పెట్టడం, అది యాంటనొమేజియా. కర్ణులు పదివేలమంది అన్నాడు, ఇది దానికి తిరగేసిన యాంటనొమేజియా, ఒక మనిషి పేరుని ఆ రకం వీరులందరికీ మామూలు నామవాచకంలా వాడటం. ఒకే పద్యంలో రెండు దిక్కులూ దొరికాయి. సముద్రాలన్నీ ఏకమవుతాయనడం హైపర్బలీ, అది తేలిక. ఇక్కడ ఆగి చూడాల్సింది 'కాకపోవు' దగ్గర. అవుతాయి అనలేదు, కాకుండా పోవు అన్నాడు, వ్యతిరేకాన్ని కాదనడం ద్వారా ఔననడం. ఈ రూపం లైటోటీస్‌ది. మరి ఇది లైటోటీసేనా? రూపం అదే గానీ లైటోటీస్ అంటే తగ్గించి చెప్పడం కూడా ఉండాలి, 'వాడు తక్కువవాడేం కాదు' అన్నట్టు. కృష్ణుడు ఇక్కడ తగ్గించట్లేదు, బెదిరిస్తున్నాడు. కాబట్టి రూపం లైటోటీస్‌ది, చేసే పని హైపర్బలీది, పరీక్షలో ఇలాంటి లైన్ వస్తే హైపర్బలీయే పెట్టాలి. చివర్న రాజరాజ అనే పిలుపుంది, అది అపాస్ట్రఫీ అవుతుందా అంటే కాదు, ఆ పిలుపు దుర్యోధనుడికి, అతను సభలో ఎదురుగానే ఉన్నాడు. అపాస్ట్రఫీ అనాలంటే అక్కడ లేనివాణ్ణో, చనిపోయినవాణ్ణో, ప్రాణంలేని వస్తువునో, ఒక భావాన్నో పిలవాలి.

ఇదే పని ఇప్పుడు ఇంగ్లిష్ లైన్ మీద చెయ్యండి. పోప్ రాసిన రేప్ ఆఫ్ ద లాక్, 1712లో రెండు కాంటోలుగా వచ్చి 1714లో ఐదు కాంటోలైంది, అందులో మూడో కాంటోలో ఆన్ రాణి గురించి ఉంది, 'హియర్ దౌ గ్రేట్ అన్నా, హూమ్ త్రీ రెల్మ్స్ ఒబే, డస్ట్ సమ్‌టైమ్స్ కౌన్సెల్ టేక్, అండ్ సమ్‌టైమ్స్ టీ'. మూడు రాజ్యాలు తలవంచే రాణి ఇక్కడే ఒకప్పుడు మంత్రుల సలహా తీసుకుంటుంది, ఒకప్పుడు టీ తీసుకుంటుంది. రాణిని పిలుస్తున్నాడు గానీ ఆవిడ కథ జరిగే చోట వినేదానిగా లేదు, ఇది అపాస్ట్రఫీ, పైన కృష్ణుడి పిలుపుతో పోల్చి చూడండి తేడా కళ్ళకి కట్టినట్టు ఉంటుంది. టేక్ కౌన్సెల్ అనకుండా కౌన్సెల్ టేక్ అని వరస మార్చాడు, అనాస్ట్రఫీ. టేక్ అనే ఒక్క క్రియ సలహాకీ టీకీ రెండింటికీ రెండు వేరు అర్థాల్లో పనిచేసింది, జూగ్మా, కచ్చితంగా చెప్పాలంటే సిలెప్సిస్, కానీ చాలా పరీక్షల్లో జూగ్మా అనే అంటారు. మూడు రాజ్యాల నుంచి టీ కప్పులోకి దబ్బున పడ్డాం, అది బేథాస్, ఆ మాటని ఈ అర్థంలో వాడుకలోకి తెచ్చింది కూడా పోపే. అన్నట్టు ఒబేకీ టీకీ ప్రాస ఎలా కుదిరిందని అడుగుతారేమో, ఆ రోజుల్లో దాన్ని టే అని పలికేవారు. రెండు లైన్లలో నాలుగు టర్మ్‌లు, ఒకదానికొకటి ఆనుకుని, ఇక మర్చిపొమ్మన్నా మర్చిపోరు.

ఇలాంటి మేత బాగా ఉన్న చోటు ఇంకోటి చెప్తాను, షేక్‌స్పియర్ జూలియస్ సీజర్ మూడో అంకం రెండో సీన్‌లో, సీజర్ శవం దగ్గర ఆంటొనీ ప్రసంగం. డిగ్రీలో చదివే ఉంటారు. సీజర్‌ని చంపినవాళ్ళలో ఒకడైన బ్రూటస్ గురించి 'బ్రూటస్ ఈజ్ యాన్ ఆనరబుల్ మ్యాన్' అని తిప్పి తిప్పి అంటాడే, మొదట్లో మర్యాదగా మొదలై చివరికి తిట్టుగా మారుతుంది, వెర్బల్ ఐరనీ అంత నెమ్మదిగా వేడెక్కడం ఇంకెక్కడా ఇంత స్పష్టంగా కనపడదు నా మటుకు. వీలునామా గురించి 'చెప్పకూడదు, సీజర్ మిమ్మల్ని ఎంత ప్రేమించాడో మీకు తెలియకపోవడమే మంచిది' అంటూనే మొత్తం చెప్పేస్తాడు, అది పారలిప్సిస్. 'ఆయన అప్పుల సంగతి నేనెత్తనండీ, మనకెందుకు' అని మనవాళ్ళు అంటారు కదా, ఎత్తనంటూనే ఎత్తడం. అరిస్టాటిల్ చెప్పిన ఈథోస్ (మాట్లాడేవాడి మీద నమ్మకం), పేథోస్ (వినేవాళ్ళ భావోద్వేగం), లోగోస్ (తర్కం) మూడింటికీ కూడా ఇదే సీన్ చాలు, బ్రూటస్ తన గౌరవం మీద ఆధారపడి మాట్లాడాడు, ఆంటొనీ జనం కన్నీళ్ళ మీద ఆధారపడి మాట్లాడాడు, జనం ఎటు వెళ్ళారో తెలుసు కదా.

పథెటిక్ ఫాలసీ గురించి ఒక్క మాట, ఇది పర్సానిఫికేషన్‌తో కలిపి ఎప్పుడూ ఇరికిస్తారు. విమర్శకుడు జాన్ రస్కిన్ 1856లో మోడర్న్ పెయింటర్స్ మూడో సంపుటంలో ఈ పేరు పెట్టాడు, మెచ్చుకోడానికి కాదు, లోపం చూపించడానికి. కింగ్‌స్లీ పద్యంలో మునిగిపోయిన అమ్మాయిని ఒడ్డుకి తెస్తుంటే నురగని క్రూరమైనదీ పాకేదీ అన్నాడు, నురగ క్రూరంగా ఉండదు, పాకదు, దుఃఖంలో ఉన్న మనసు అలా చూస్తోంది అన్నాడు రస్కిన్. మన దగ్గర వరదలప్పుడు పేపర్ చూడండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, ఇవి కొలతలు. పక్కనే హెడ్డింగ్‌లో 'గోదారి ఉగ్రరూపం', నాలుగు రోజులకి 'గోదారమ్మ శాంతించింది'. కోపం గోదారిది కాదు, లంకల్లో పశువుల్ని గట్టుకి తోలుకొచ్చిన మనుషుల భయం నీళ్ళకి అంటుకుంది, అదీ పథెటిక్ ఫాలసీ. పర్సానిఫికేషన్ దీనికంటే పెద్ద గొడుగు, న్యాయం కళ్ళకి గంతలు కట్టుకుంది అంటే పర్సానిఫికేషనే గానీ అందులో ప్రకృతీ లేదు, ఎవరి ఆవేశమూ లేదు.

ఇంకో రకం టర్మ్స్ ఉన్నాయి, లైన్‌లో దొరకవు, ఒక మనిషి ఒక వ్యాసంలో ఒక వాదన కోసం తయారుచేసినవి. వీటికి మనిషి, చోటు, సంవత్సరం మూడూ కావాలి, అన్నిటికంటే ముందు ఆయన దేనిమీద పోట్లాడుతున్నాడో కావాలి. టి.ఎస్. ఎలియట్ ఆబ్జెక్టివ్ కోరిలేటివ్ (ఒక భావాన్ని పాఠకుడిలో కలిగించే వస్తువులూ సంఘటనలూ) అన్నది 1919లో హామ్లెట్ నాటకాన్ని తప్పుపడుతూ, హామ్లెట్‌కి ఉన్న ఆవేదనకి సరిపడా సంఘటనలు నాటకంలో లేవు అని. అది గుర్తుంటే నిర్వచనం దానంతటదే వస్తుంది. 1921లో మెటాఫిజికల్ పొయెట్స్ వ్యాసంలో అన్నది డిసోసియేషన్ ఆఫ్ సెన్సిబిలిటీ (ఆలోచనా అనుభూతీ విడిపోవడం), ఈ రెంటినీ తారుమారు చేసి అడుగుతారు. విమ్సాట్, బియర్డ్‌స్లీ ఇద్దరూ కలిసి 1946లో ఇంటెన్షనల్ ఫాలసీ, 1949లో అఫెక్టివ్ ఫాలసీ, మొదటిది కవి ఉద్దేశం పట్టుకుని తీర్పు చెప్పొద్దని, రెండోది పాఠకుడికి కలిగిన ఫీలింగ్ పట్టుకుని చెప్పొద్దని. రస్కిన్‌ది కూడా ఫాలసీయే కాబట్టి మూడూ ఒకే ప్రశ్నలో పెడతారు, ముగ్గురూ ఎవరిని తప్పుపడుతున్నారో చూసుకోండి, రస్కిన్ రాసేవాణ్ణి, వీళ్ళిద్దరూ విమర్శకుణ్ణి. కీట్స్ నెగటివ్ కేపబిలిటీ (తేలని అనుమానాల్లో కంగారు పడకుండా ఉండగలగడం) 1817 డిసెంబర్‌లో తమ్ముళ్ళకి రాసిన ఉత్తరంలోది, కోల్‌రిడ్జ్ విల్లింగ్ సస్పెన్షన్ ఆఫ్ డిస్‌బిలీఫ్ (చదివేటప్పుడు అపనమ్మకాన్ని కావాలనే పక్కన పెట్టడం) బయోగ్రాఫియా లిటరేరియాలోది, అదీ 1817లోనే అచ్చయింది, జత పెట్టుకోండి. 1961 ఇంకో జత, వేన్ బూత్ ది రెటరిక్ ఆఫ్ ఫిక్షన్‌లో అన్‌రిలయబుల్ నేరేటర్ (మాట నమ్మడానికి లేని కథకుడు), మార్టిన్ ఎస్లిన్ ది థియేటర్ ఆఫ్ ది అబ్సర్డ్. ష్క్లోవ్‌స్కీ 1917 డీఫెమిలియరైజేషన్‌నీ బ్రెహ్ట్ ఎలియనేషన్ ఎఫెక్ట్‌నీ ఎదురెదురుగా పెట్టుకోండి, రెండూ తెలిసినదాన్ని కొత్తగా కనపడేలా చేసేవే, కానీ మొదటాయనకి అది కళ అంతటికీ ఉన్న పని, రెండో ఆయనకి ప్రేక్షకుడు కథలో కరిగిపోకుండా కూర్చుని ఆలోచించి సమాజాన్ని మార్చాలన్న రాజకీయం.

తెలుగువాళ్ళకి మాత్రమే ప్రత్యేకంగా కష్టమయ్యేవి రెండున్నాయి, వీటి గురించి ఏ గైడూ చెప్పదు. ఒకటి ఫ్రీ ఇన్‌డైరెక్ట్ డిస్కోర్స్, పాత్ర మనసులో మాటని 'అనుకున్నాడు' అనకుండా కథకుడి మాటలోనే కలిపెయ్యడం. 'అతను రేవు దగ్గర నిలబడ్డాడు. ఈ వానలో పడవ కడతారో లేదో.' రెండో వాక్యం అతని మనసులోదే గానీ అనుకున్నాడు అనే మాట లేదు. తెలుగులో ఇది ఎంత సహజమంటే మనకి ఇదొక టెక్నిక్ అని కూడా అనిపించదు. ఇంగ్లిష్‌లో అయితే ఆ వాక్యంలో మనిషి థర్డ్ పర్సన్‌లోనే ఉంటాడు, కాలం పాస్ట్ టెన్స్‌లోకి వెళ్తుంది, మాటల తీరు మాత్రం పాత్రది. నేను అని వచ్చి ప్రెజెంట్ టెన్స్ అయిపోతే అది ఇంటీరియర్ మొనలాగ్. తెలుగులో ఆ కాలం మార్పు చెయ్యం కాబట్టి మన పిల్లలకి ఆ రెంటి హద్దు కనపడదు, అందుకే జేన్ ఆస్టిన్ పేరాలు తీసుకుని ప్రతి వాక్యంలో క్రియ ఏ కాలంలో ఉందో కింద గీత పెట్టి చూడండి. స్ట్రీమ్ ఆఫ్ కాన్షస్‌నెస్ వీటన్నిటికీ పైమాట, విలియం జేమ్స్ సైకాలజీ పుస్తకం 1890లోది, నవలకి దాన్ని తగిలించింది 1918లో మే సింక్లెయిర్, డొరతీ రిచర్డ్‌సన్ నవలల గురించి రాస్తూ.

రెండోది మీటర్, అంటే ఇంగ్లిష్ ఛందస్సు. ఇక్కడ మనకి లాభమూ ఉంది, నష్టమూ ఉంది. లాభం ఏంటంటే గురులఘువులు వేసే చెయ్యి మనకి అలవాటు, యమాతారాజభానసలగం వచ్చినవాళ్ళకి ఫుట్ అంటే ఏంటో వివరించక్కర్లేదు. లగ అంటే వ గణం, అది అయాంబ్ ఆకారం, గల హ గణం, అది ట్రోకీ, భగణం డాక్టిల్, సగణం అనపెస్ట్, గగ స్పాండీ. నష్టం ఏంటంటే మన గురువు అక్షరం పొడుగుని బట్టి, వాళ్ళది మాటలో ఏ సిలబుల్ మీద నొక్కు పడుతోందన్నదాన్ని బట్టి. దీర్ఘం కనపడగానే గురువు వేసేస్తే లెక్క మొత్తం తప్పుతుంది. షేక్‌స్పియర్ సానెట్‌లో షల్ ఐ కంపేర్ దీ టు ఎ సమ్మర్స్ డే తీసుకుంటే కంపేర్‌లో నొక్కు రెండోదాని మీద, సమ్మర్‌లో మొదటిదాని మీద, అలా ఐదు జతలు. కాగితం మీద చూసి గుర్తులు వెయ్యకండి, ఎవరైనా మంచి నటుడు చదివిన రికార్డింగ్ విని, మీరూ పైకి చదివి, చేత్తో బల్ల మీద కొట్టి అప్పుడు వెయ్యండి. అనుమానం వచ్చిన మాటకి డిక్షనరీలో స్ట్రెస్ గుర్తు ఉంటుంది.

ఈ సందర్భంలోనే ఒక జాగ్రత్త. మన అలంకారాలు ఆసరాగా వాడుకోండి గానీ ఇది సమానం అది అని పట్టిక గీసుకోవద్దు. ముక్తపదగ్రస్తం, అనడిప్లోసిస్ చక్కగా కలుస్తాయి. అతిశయోక్తి, హైపర్బలీ చాలావరకు కలుస్తాయి. వృత్త్యనుప్రాస, అలిటరేషన్ సగమే కలుస్తాయి, మనకి ఆ హల్లు పదంలో ఎక్కడ తిరిగొచ్చినా సరే, వాళ్ళకి ముఖ్యంగా మాట మొదట్లోనో నొక్కు పడే చోటో రావాలి. ఉత్ప్రేక్షకి అక్కడ సరైన జోడీయే లేదు, సిమిలీ అని రాసుకుంటే ఉపమకి అన్యాయం, ఉత్ప్రేక్షకీ అన్యాయం.

ఇక రోజూ ఏం చెయ్యాలంటే, ఒక పెద్ద నోట్‌బుక్ తీసుకోండి. ఒక్కో పేజీకి ఒక జంట లేదా చిన్న కుటుంబం. పైన రెండు పేర్లు, కింద ఎడమవైపు మీరు చదివిన పుస్తకంలోంచి మీరే వెతికిన లైన్, ఇంటర్నెట్‌లో దొరికిన ఉదాహరణ కాదు, కుడివైపు 'ఇది రెండోది ఎందుకు కాదు' అని ఒక్క వాక్యం. ఆ వాక్యం రాయలేకపోతే పేజీ ఖాళీగా వదలండి, వారం తర్వాత మళ్ళీ రండి. ఇంగ్లిష్‌లో రాయడం కష్టమైతే మొదట తెలుగులో రాసుకోండి, సిగ్గుపడాల్సిందేం లేదు, తేడా అర్థమయ్యాక ఇంగ్లిష్ వాక్యం దానంతటదే వస్తుంది. పాత ప్రశ్నపత్రాలు నెట్ పరీక్ష పెట్టే ఎన్‌టీఏ సంస్థ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి, వాటిని జవాబు పెట్టి మార్కు చూసుకోడానికి వాడకండి, కరెక్ట్ జవాబు తెలిశాక మిగతా మూడు ఆప్షన్లు ఎందుకు కావో రాయడానికి వాడండి. ఒక్క ప్రశ్న నాలుగు టర్మ్‌లు నేర్పుతుంది ఆ లెక్కన. పీడీఎఫ్‌ని చివరి నెలలో టిక్కులు పెట్టుకోడానికి దాచుకోండి, అప్పుడు పనికొస్తుంది.

కోచింగ్ మాట. సిలబస్ మొత్తానికి ఒక క్రమం కావాలనుకుంటే, డబ్బుకి ఇబ్బంది లేకపోతే వెళ్ళండి, వద్దనను. టర్మ్స్ కోసమైతే మాత్రం హైదరాబాద్ అవసరం లేదు, ఏబ్రమ్స్ ఒకటి, పాత పేపర్లు, రాజోలులోనో అమలాపురంలోనో మీలాగే చదువుతున్న స్నేహితురాలు ఒకరు ఉంటే చాలు. వారానికోసారి ఇద్దరూ కూర్చుని ఒకరు లైన్ చదవాలి, ఇంకొకరు పేరు చెప్పి, దాని పక్కది ఎందుకు కాదో చెప్పాలి, చెప్పలేకపోతే ఆ పేజీ మళ్ళీ చదవాలి.

ఈ వారం ఆంటొనీ ప్రసంగంతో మొదలుపెట్టండి. దొరికినవన్నీ లైన్‌తో సహా ఇక్కడే కింద రాయండి, ఏ రెండింటి మధ్య అనుమానం వచ్చిందో కూడా రాయండి, చూసి చెప్తాను.